చక్కెర లేని కాఫీ: తుకుమాన్ ప్రదర్శన అడిగిన ప్రశ్నలు

చాలా ఏళ్ల కిందట ఒక సాహిత్య పాఠశాలలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి చిత్రకళ గురించి మాట్లాడాను. నా ప్రసంగ సారాన్ని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: అవాంగార్డ్ పేరుతో వచ్చినదంతా క్షీణ సంస్కృతి. అందుకు నా దగ్గర రుజువు కూడా ఉంది. న్యూయార్క్ నైరూప్య చిత్రకారుల బొమ్మలు యూరప్ నగరాలన్నీ చుట్టి వచ్చాయి. మేధావులను కూడగట్టిన ‘సాంస్కృతిక స్వేచ్ఛా మహాసభ’ వెనక ఉన్నది సి.ఐ.ఏ. డబ్బని 1967 నాటికే బయటపడింది. ఇక వేరే చెప్పాలా? సభలో చప్పట్లు మోగాయి. వెనక వరసలో కూర్చున్న ఒక విద్యార్థి మాత్రం లేచి, “డబ్బు ఎవరిదో చెప్పారు మాష్టారూ, బొమ్మ గురించి ఏమీ చెప్పలేదు. ఆ డబ్బును ఎదిరించిన చోట కూడా ఇదే రకం కళ పుడితే దాన్నేమంటారు?” అని అడిగాడు. అలాంటిదేదీ లేదన్నాను. లేదని నాకు తెలిసి కాదు. తెలియకుండానే అన్నాను.

అలాంటిది ఉందని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అది 1968లో అర్జెంటీనాలో, రోసారియో అనే పారిశ్రామిక నగరంలో, కార్మిక సంఘ కార్యాలయంలో జరిగిన ఒక ప్రదర్శన. పేరు ‘తుకుమాన్ ఆర్దే’, అంటే ‘తుకుమాన్ మండుతోంది’. దాన్ని నేను చూడలేదు. ఫొటోలు, ఇంగ్లీషులోకి వచ్చిన పత్రాలు, కళాకారులు తర్వాత చెప్పుకున్న జ్ఞాపకాలు చదివి రాస్తున్నాను. ఆ పరిమితి పాఠకులు గుర్తుంచుకోవాలి.

ముందు ఆ మాట సంగతి. అవాంగార్డ్ అనేది ఫ్రెంచి సైన్యంలోంచి వచ్చిన మాట. సేనకంటే ముందు నడిచే దళం అని అర్థం. ముందు నడవడమంటే వెనక ఒక సేన ఉండాలి కదా! వెనక ఎవరూ లేకుండా ముందు నడిచేవాణ్ని దారి తప్పినవాడంటాం. యుద్ధానంతర అవాంగార్డ్ చరిత్రలో ఈ చిక్కు అడుగడుగునా కనిపిస్తుంది. అర్జెంటీనా యువ కళాకారులు దాన్ని దాటవేయలేదు. మా సేన ఎవరు అని తమను తామే అడిగారు. నాకు వాళ్లమీద గౌరవం కలిగింది అక్కడే.

1966 జూన్‌లో జనరల్ ఓంగానియా సైనిక కుట్రతో అధికారంలోకి వచ్చాడు. నెల తిరిగేసరికి పోలీసులు బ్యూనస్ ఎయిర్స్ విశ్వవిద్యాలయంలో చొరబడి ఆచార్యులనూ విద్యార్థులనూ లాఠీలతో చావబాదారు. ఆ రాత్రికి ‘పొడుగు లాఠీల రాత్రి’ అని పేరు పడింది. విచిత్రమేమంటే అదే నగరంలో, ఫ్లోరిడా వీధిలో, డి టెల్లా సంస్థ కళాకేంద్రం మాత్రం తెరిచే ఉంది. డి టెల్లాలు రిఫ్రిజిరేటర్లు, స్కూటర్లు, కార్లు తయారుచేసిన పారిశ్రామిక కుటుంబం. సంస్థకు ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల సహాయమూ అందేది. ప్రపంచంలో ఏ కొత్త కళారీతి వచ్చినా ఆరు నెలల్లో అక్కడ కనిపించేది. నా పాత ప్రసంగానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయితే కథ అక్కడితో ఆగలేదు.

1965లో లియోన్ ఫెర్రారి ఆ కేంద్రానికి ఒక శిల్పం పంపాడు. దాదాపు రెండు మీటర్ల అమెరికన్ యుద్ధవిమానం నమూనా, ముక్కు నేలవైపు, కూలుతున్నట్టు వేలాడుతుంది. దానిమీద సిలువ వేసిన క్రీస్తు. పేరు ‘పాశ్చాత్య క్రైస్తవ నాగరికత’. వియత్నాం మీద బాంబులు కురుస్తున్న సంవత్సరమది. కేంద్రం దర్శకుడు రొమేరో బ్రెస్ట్ దాన్ని ప్రదర్శనలోంచి తీయించాడు. ఫెర్రారి తన మిగిలిన చిన్న పనులను మాత్రం అక్కడ ఉండనిచ్చాడు. ఎంతవరకు సహిస్తారో ఆ సంస్థ చెప్పేసింది: రూపంలో ఏ తిరుగుబాటైనా చెయ్యండి, పేరు పెట్టి మాట్లాడకండి.

1968 మేలో అదే చోట ‘అనుభవాలు 68’ అనే ప్రదర్శన. అందులో ఆస్కార్ బోనీ ఒక కార్మికుణ్ని, అతని భార్యనీ, కొడుకునీ ఒక పీఠం మీద కూర్చోబెట్టాడు. పక్కన పలక. ఈ కార్మికుడు ఫ్యాక్టరీలో సంపాదించే కూలికి రెట్టింపు, ఊరికే ఇక్కడ కూర్చున్నందుకు ఇస్తున్నామని దానిమీద రాసి ఉంది. చూసేవాళ్లు నడిచివెళ్తుంటే వాళ్లు తింటూ, చదువుకుంటూ కూర్చునేవాళ్లు. ఈ పని గురించి చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత ఆలోచనలో పడ్డాను. ఫ్యాక్టరీలో అతని శ్రమను కొన్నవాణ్ని ఎవరూ ప్రశ్నించరు. గ్యాలరీలో అతని ఖాళీ సమయాన్ని కొన్న కళాకారుణ్ని చూసి మాత్రం మనకు సిగ్గేస్తుంది. ఆ సిగ్గు పుట్టించడమే బోనీ ఉద్దేశమైతే అతను గెలిచాడు. కానీ ఆ కుటుంబం ఏమనుకుందో పలకమీద లేదు. మన దగ్గర దాదాపు అదే కాలంలో, 1965లో, దిగంబర కవులు తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత విడుదల చేయించారు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు, ఒకరి గురించి ఒకరికి తెలిసే అవకాశమూ లేదు. అయినా ప్రశ్న ఒక్కటే. శ్రమజీవి అక్కడ తనకోసం ఉన్నాడా, మన ప్రకటన కోసం ఉన్నాడా? మనవాళ్లను మెచ్చుకుంటూ బోనీని తిట్టే హక్కు నాకు లేదనిపించింది.

ఆ ప్రదర్శనలోనే రాబర్టో ప్లాటే ఒక పబ్లిక్ మరుగుదొడ్డి నమూనా కట్టాడు. తలుపులున్నాయి, లోపల ఏమీ లేదు. ఖాళీ గోడలు దొరికితే జనం ఊరుకుంటారా? నియంత మీద తోచింది తోచినట్టు రాశారు. పోలీసులు వచ్చి ఆ ఒక్క పనికి సీలు వేశారు. మిగిలిన కళాకారులు తమ పనులన్నీ ఫ్లోరిడా వీధిలోకి మోసుకొచ్చి అక్కడే పగలగొట్టారు. నాకు ఈ ఘట్టం చాలా ముఖ్యమనిపిస్తుంది. అప్పటిదాకా కళను ధ్వంసం చెయ్యడం కూడా గ్యాలరీలో అమ్ముడుపోయే ఒక అంశం. యూరప్‌లో, అమెరికాలో అలాంటి ప్రదర్శనలు ఎన్నో జరిగాయి. ఇక్కడ పగిలిన ముక్కలకు పేరు లేదు, వెల లేదు. తోటివాడి పనికి పోలీసు సీలు పడినప్పుడు మన పని లోపల భద్రంగా ఉండకూడదనేది అందులోని నీతి. ఈ సంగతి మన అవార్డు సభల దగ్గర గుర్తొస్తే బాగుండేది.

రోసారియో బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. డి టెల్లా ఇచ్చిన ఆర్థిక సహాయాన్ని తిరస్కరించింది. జూలైలో రొమేరో బ్రెస్ట్ తమ ఊళ్లో ఉపన్యాసమిస్తుంటే దీపాలార్పి, వేదిక ఆక్రమించి, తమ ప్రకటన చదివింది. అక్టోబరులో గ్రసియెలా కార్నెవాలే ప్రేక్షకులను ఖాళీ గదిలోకి పిలిచి, బయటనుంచి తాళం వేసి వెళ్లిపోయింది. వీధివైపు అంతా అద్దం. గంటకు పైగా లోపలివాళ్లు ఎదురుచూశారు. వాళ్లలో ఒక్కరూ అద్దం పగలగొట్టలేదు. చివరికి బయటనుంచి ఎవరో పగలగొడితే ఆ సందులోంచి బయటపడ్డారు. ముక్కూమొహం తెలియనివాళ్లను బంధించే హక్కు కళాకారిణికి ఎవరిచ్చారు? నేను ఆ గదిలో ఉంటే తిట్టుకునేవాణ్నే. అయితే అద్దం పగలగొట్టేవాణ్నా? అది వేరే సంగతి.

ఆ ఆగస్టులో రోసారియో, బ్యూనస్ ఎయిర్స్ కళాకారులు సమావేశమై తేల్చుకున్నది ఇది: గ్యాలరీలో ఎంత తీవ్రమైన పని చేసినా గ్యాలరీ దాన్ని అరిగించుకుంటుంది. కాబట్టి స్థలం మారాలి, ప్రేక్షకుడు మారాలి, పని పద్ధతే మారాలి. అప్పటికి కార్మికోద్యమంలోనూ చీలిక వచ్చింది. సైనిక ప్రభుత్వంతో రాజీపడ్డ నాయకత్వాన్ని కాదని 1968 మార్చిలో ‘అర్జెంటీనీయుల సి.జి.టి.’ ఏర్పడింది. నాయకుడు రైముందో ఓంగారో అచ్చుపని కార్మికుడు. దాని పత్రికకు సంపాదకుడు రచయిత రోదోల్ఫో వాల్ష్. కళాకారులు వెతుకుతున్న సేన ఇక్కడ దొరికింది.

ఇక తుకుమాన్. ఉత్తరాన ఉన్న చిన్న రాష్ట్రం. 1816లో అర్జెంటీనా స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది అక్కడే. పచ్చదనం చూసి దాన్ని ‘గణతంత్రపు ఉద్యానవనం’ అంటారు. చక్కెరే దాని బతుకు. ‘హేతుబద్ధీకరణ’ పేరుతో ఓంగానియా ప్రభుత్వం అక్కడున్న 27 మిల్లుల్లో 11 మూయించింది. చిన్న రైతుల చెరకు కోటాలకు కోత పెట్టింది. పొరుగున సాల్టా, హుహుయ్ రాష్ట్రాల్లోని పెద్ద మిల్లులకు ఇది కలిసొచ్చింది. మిల్లు మూతపడ్డ ఊళ్లో ఏం జరుగుతుందో చెరకు పండించే ప్రాంతంవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కొట్టువాడు అప్పివ్వడం మానేస్తాడు, బడిలో పిల్లలు తగ్గుతారు, తర్వాత ఇళ్లకు తాళాలు పడతాయి. లక్షల మంది పెద్ద నగరాల శివార్లకు వలసపోయారు. ప్రభుత్వమేమో ‘ఆపరేషన్ తుకుమాన్’ అనే పథకంతో కొత్త పరిశ్రమలు వస్తున్నాయని పత్రికల్లో ఊదరగొట్టింది.

కళాకారులు చేసిన పని ఈ ప్రచారానికి ఎదురు ప్రచారం నిర్మించడం. నేను దీన్ని ‘చిత్రకళ’ అనడానికి మొదట ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఎందుకో చెబుతాను.

వాళ్లు బొమ్మ గీసుకుని వెళ్లలేదు. ముందు చదివారు. ఆర్థికవేత్తలు, సామాజిక శాస్త్రవేత్తలు సిద్ధం చేసిన లెక్కలు పట్టుకుని తుకుమాన్ వెళ్లారు. అధికారులకు మాత్రం ఇదొక సాంస్కృతిక కార్యక్రమమని చెప్పారు. పత్రికలు కళాకారుల రాకను ముచ్చటగా రాశాయి. ఆ ముసుగులో వాళ్లు మూసిన మిల్లులకూ కార్మికుల ఇళ్లకూ బడులకూ ఆసుపత్రులకూ వెళ్లి ఫొటోలు తీశారు, ఫిల్ము తీశారు, సంభాషణలు టేపు చేశారు. తిరిగి బయల్దేరే ముందు మళ్లీ పత్రికలవాళ్లను పిలిచి అసలు ఎందుకొచ్చామో చెప్పేశారు. ఇలా కరువులోకి నడిచివెళ్లిన కళాకారులు మనకు కొత్త కాదు. 1943లో చిత్తప్రసాద్ మిద్నాపూర్ జిల్లా ఊళ్లు తిరిగి గీసి రాసిన పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం తగలబెట్టింది. అయితే చిత్తప్రసాద్ చేతిలో ఒక చిత్రకారుడి గీత ఉంది. తుకుమాన్ వెళ్లినవాళ్లు ఆ గీతను కూడా వదిలేశారు. ఏ ఫొటో కిందా ఏ ఒక్కరి సంతకమూ లేదు. పని మొత్తం సమష్టిది.

ఈలోగా రోసారియో గోడలమీద ‘తుకుమాన్’ అనే ఒక్క మాటతో పోస్టర్లు వెలిశాయి. కొన్నాళ్లకు గోడరాతల్లో రెండో మాట చేరింది: ‘తుకుమాన్ ఆర్దే’. అప్పట్లో ఆడుతున్న ‘పారిస్ మండుతోందా?’ అనే సినిమా పేరు జనం నోళ్లలో నానుతోంది, దాన్నిలా వాడుకున్నారు. వేరే పోస్టర్లు ‘మొదటి అవాంగార్డ్ కళా ద్వైవార్షిక ప్రదర్శన’ అని ప్రకటించాయి. అదీ పోలీసుల కళ్లు కప్పడానికే. సబ్బులూ సిగరెట్లూ అమ్మే వ్యాపార ప్రకటనల మెళకువను వాళ్లు పాప్ కళనుంచి నేర్చుకున్నారు. న్యూయార్క్ పాప్ కళాకారుడు ఆ మెళకువను మళ్లీ సరుకు దగ్గరికే చేర్చాడు. వీళ్లు మూతపడ్డ మిల్లు దగ్గరికి చేర్చారు. మెళకువకు వర్గం లేదని నేను అనడం లేదు. ఒక వర్గం చేతిలోంచి ఇంకో వర్గం దాన్ని లాక్కోగలదంటున్నాను. అప్పటి నా ప్రసంగంలో లేనిది ఇదే.

1968 నవంబరు 3న రోసారియోలో సి.జి.టి. కార్యాలయంలో ప్రదర్శన మొదలైంది. గుమ్మంలో నేలమీద మిల్లు యజమానుల పేర్లు రాసి ఉన్నాయి. లోపలికి రావాలంటే తొక్కుకుంటూ రావలసిందే. నడవల్లో వేలాడే గుడ్డ బ్యానర్లమీద నినాదాలు. ఉద్యానవనం అనే బిరుదును తిరగేసి, తుకుమాన్‌ను దారిద్ర్యపు తోట అన్న వెక్కిరింపూ వాటిలో ఒకటి. గోడల నిండా పెద్ద ఫొటోలు. ఫెర్రారి అతికించిన పత్రికల కత్తిరింపులు. లౌడు స్పీకర్లలో కార్మికుల గొంతులు. కొన్ని నిమిషాలకొకసారి దీపాలు ఆరిపోయేవి, తుకుమాన్‌లో ఒక పసిబిడ్డ చావుకు గుర్తుగా. వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చేవారు. అందులో చక్కెర లేదు.

ఈ కాఫీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దీపాలు ఆర్పడం నాటకీయం. అది చీకట్లో మనచేత నిట్టూర్పు విడిపించి, మళ్లీ వెలుగులో మన మానాన మనల్ని వదిలేస్తుంది. కాఫీ అలా కాదు. అది అతిథి మర్యాద. గుటక వేశాక కానీ తెలియదు. పంచదార మరిచిపోయారనుకుని అడుగుతాం. అడిగామంటే ఇక దొరికిపోయినట్టే. చక్కెర ఎక్కడినుంచి వస్తుంది, ఎందుకు లేదు, ఉన్నప్పుడు ఎవరి శ్రమతో వచ్చింది, ఇవన్నీ నాలుకమీద మొదలయ్యే ప్రశ్నలు. తుకుమాన్ కార్మికుడికీ రోసారియో వినియోగదారుడికీ మధ్య ఉన్న సంబంధం మామూలుగా కంటికి కనపడదు. ధర దాన్ని దాచేస్తుంది. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి అధ్యాయంలో సరుకు గురించి చెప్పిన విషయాన్ని ఈ కప్పు మాట కూడా లేకుండా చెబుతుంది. జాలితో కాదు, లేమితో చెబుతుంది. మన కథల్లో పేదవాణ్ని వర్ణించి వర్ణించి పాఠకుడి కన్నీళ్లకు కారణమయ్యే రచయితలు (వాళ్లలో నేనూ ఒకణ్ని) ఈ కప్పు గురించి ఆలోచించాలి. వస్తువు ఉంటే చాలు, శిల్పం దానంతటదే వస్తుందని మనం పాఠం చెప్పుకున్నాం. అదేమీ రాదు. కాఫీలో చక్కెర వెయ్యకూడదని ఎవరో ఒకరు ఆలోచించాలి. ఆ ఆలోచనే శిల్పం. దాన్ని ఆలోచించగలిగినవాళ్లు అంతకుముందు పదేళ్లు మనం ‘క్షీణ కళ’ అని కొట్టిపారేసిన ప్రయోగాల్లో మునిగితేలినవాళ్లు.

అక్కడ పంచిన ప్రకటన రాసింది సాహిత్య విమర్శకులు: మరియా తెరెసా గ్రామూలియో, నికోలాస్ రోసా. చిత్రకారుల పనికి మాటలు ఇవ్వడానికి విమర్శకులు కార్మిక సంఘ కార్యాలయానికి వెళ్లారు. వాళ్లు బొమ్మలకు మార్కులు వెయ్యడానికి వెళ్లలేదు. వాళ్లూ ఆ పనిలో భాగమే.

లోపాలు లేవా? ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద లోపం, తుకుమాన్ గురించిన ప్రదర్శన తుకుమాన్‌లో జరగలేదు. అక్కడి కార్మికుడి గొంతు వినిపించింది, అతను రాలేదు. బోనీ పీఠం మీద మూగగా కూర్చున్న కార్మికుడికి ఇక్కడ గొంతు వచ్చింది నిజమే, కానీ విన్నవాళ్లు నగరవాసులు. రాజధానినీ పెద్ద నగరాలనూ కదిలించడమే వ్యూహమని సమర్థించవచ్చు. నవంబరు 25న బ్యూనస్ ఎయిర్స్‌లో మొదలైన ప్రదర్శనను ప్రభుత్వం ఒకటి రెండు రోజుల్లోనే ఒత్తిడి తెచ్చి మూయించింది. కాబట్టి వ్యూహానికి పస ఉన్నట్టే. అయినా నా అసంతృప్తి పోలేదు. కార్మికుడి దగ్గరినుంచి తెచ్చుకున్నది కార్మికుడి దగ్గరికి తిరిగి వెళ్లకపోతే అది ఎంత మంచి ఉద్దేశంతో చేసినా ముడిసరుకు రవాణాయే. మిల్లు కూడా అదే పని చేస్తుంది.

తర్వాతి చరిత్ర బాధాకరం. చాలామంది కళ మానేశారు. ఎదువార్దో ఫవారియో సాయుధ పోరాటంలోకి వెళ్లి 1975లో చనిపోయాడు. అదే సంవత్సరం సైన్యం తుకుమాన్‌లో దిగి, ఫమాయ్యాలో ఒక బడిని రహస్య చిత్రహింసల కేంద్రంగా మార్చింది. 1976 మార్చిలో మళ్లీ సైనిక కుట్ర. ఫెర్రారి బ్రెజిల్‌కు ప్రవాసం వెళ్లాడు, అతని కొడుకు 1977లో మాయమైపోయాడు. వాల్ష్ సైనిక ముఠాకు బహిరంగ లేఖ రాసి పోస్టు చేసిన రోజే, 1977 మార్చి 25న, వీధిలో కాల్పులకు గురయ్యాడు.

కళ మానెయ్యడం గురించి రెండు మాటలు. దాన్ని పరమ త్యాగంగా కొనియాడే వ్యాసాలు చదివాను. నాకు ఆ కొనియాడడం నచ్చదు. ఆయుధం పట్టినవాడి నిర్ణయాన్ని గౌరవిస్తాను, కానీ చక్కెర లేని కాఫీని ఆలోచించగల చెయ్యి ఆ తర్వాత ఖాళీగా ఉండిపోవడం ఉద్యమానికి లాభమని ఎలా అనగలం? హువాన్ పాబ్లో రెంజీ కొన్నేళ్ల మౌనం తర్వాత మళ్లీ బొమ్మలు వేశాడు. గదుల్లో వస్తువులు, కిటికీలు, నిశ్శబ్దం. వెనక్కి పోయాడన్నారు. నేను అనను. 1971లోనే అతను ఒక కరపత్రంలో, మేం చేసిన పనిని ‘కన్సెప్చువల్ కళ’ అనే కొత్త ఫ్యాషన్ కింద జమకట్టుకుంటున్నారని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక నిజమైంది. 2007లో జర్మనీలోని కాసెల్ నగరంలో ‘డాక్యుమెంటా’ మహాప్రదర్శనలో తుకుమాన్ పత్రాలు గోడకెక్కాయి. అదే ఏడాది ఫెర్రారి విమానం వెనిస్‌లో వేలాడింది, అతనికి స్వర్ణసింహ పురస్కారం వచ్చింది. 1965లో దించేసిన శిల్పమే అది. డబ్బు ఎవరిదో చూడాలన్న నా పాత వాదం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది, పూర్తిగా పారెయ్యనక్కర్లేదు.

అయితే ఆ పత్రాలు గోడకెక్కడానికి అవి మిగిలి ఉండాలి కదా. నియంతృత్వం రోజుల్లో ఇలాంటి కాగితం ఇంట్లో దొరికితే ప్రాణం పోయేది. చాలామంది భయంతో తమ దగ్గరున్నవి నాశనం చేసుకున్నారు. దాచింది కార్నెవాలే. ఇరవైల్లో ఉండగా జనాన్ని గదిలో పెట్టి తాళం వేసిన మనిషి ఆ తర్వాత దశాబ్దాలపాటు ఫొటోలనూ కరపత్రాలనూ సైక్లోస్టైల్ చేసిన నివేదికలనూ కాపాడింది. ఇవాళ నేను చదువుతున్న కాగితాల్లో చాలా భాగం ఆమె దాచినవే.

సాహిత్య పాఠశాలకు మళ్లీ పిలుపు వచ్చింది, యుద్ధానంతర కళ మీదనే. ఈసారి ఫొటోలు చూపించి మొదలుపెట్టను. మిల్లుల లెక్కలున్న నివేదికను ముందు చదివిస్తాను, తర్వాత ఫొటోలు. ఆనాటి విద్యార్థి ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. విరామంలో ఇచ్చే టీ సంగతి నిర్వాహకులతో మాట్లాడాలి.